నిలబడే కాళ్లకు నీలి తిప్పలు

కోఠి వెళ్లినప్పుడు సుల్తాన్‌బజార్‌లో ఏ బట్టల దుకాణంలోకైనా తొంగిచూడండి. కొనేవాళ్లకు కుర్చీలుంటాయి. చూపించేవాళ్లు మాత్రం షట్టరు ఎత్తింది మొదలు దించేదాకా నిలబడే ఉంటారు. సాయంత్రానికి కాళ్లు బరువెక్కుతాయి. చీలమండలు వాస్తాయి. పిక్కల మీద నీలంగా, వంకరటింకరగా నరాలు తేలతాయి. ఇంటికెళ్లి కాస్త బామ్ రాసుకుని పడుకుంటారు.

నిజానికి అవి నరాలు కావు, సిరలు. పాదాల నుంచి రక్తాన్ని గుండెకు చేరవేసే గొట్టాలు. పైకెక్కిన రక్తం కిందికి జారకుండా వాటిలో చిన్న కవాటాలుంటాయి. అవి సరిగా మూసుకోకపోతే రక్తం నిలిచిపోయి సిర ఉబ్బుతుంది. అదే వెరికోస్ వీన్స్. నిలబడే ఉద్యోగానికి వంశపారంపర్యం, కాన్పులు, అధిక బరువు తోడైతే ఇక చెప్పేదేముంది! చర్మం మీద సాలెగూడులా కనిపించే సన్నటి గీతలు, అదే స్పైడర్ వీన్స్, చాలావరకు అందానికి సంబంధించిన గొడవే.

అసలు చిక్కు పుండుతో. చీలమండ లోపలివైపు చర్మం నల్లబడుతుంది, దురద పెడుతుంది, ఓరోజు చిట్లుతుంది. ఇక నెలల తరబడి ఆయింట్‌మెంట్లు, కట్లు. జబ్బు సిరలో ఉంటే పైపూత ఏం చేస్తుంది? బ్రిటన్‌లో జరిగిన ‘ఎవ్రా’ అధ్యయనం 2018లో ఈ సంగతే తేల్చింది. బిగుతు కట్లతోపాటు సిరకూ వెంటనే చికిత్స చేసినవారిలో సగంమందికి 56 రోజుల్లోపే పుండు మానింది. సిర చికిత్స వాయిదా వేసినవారిలో అందుకు 82 రోజులు పట్టింది.

ముందు డాప్లర్ స్కాన్ చేయించాలి. ఏ కవాటం పాడైందో, లోపలి పెద్ద సిరలు బాగున్నాయో లేదో అందులో తెలుస్తుంది. ఇప్పుడు ఎక్కువగా చేస్తున్నది లేజర్ లేదా రేడియో ఫ్రీక్వెన్సీ చికిత్స. సన్నటి గొట్టం పంపి, పాడైన సిరను వేడితో మూసేస్తారు. చాలామంది అదేరోజు నడుచుకుంటూ ఇంటికెళ్లొచ్చు. అది కుదరకపోతే నురగలాంటి మందు ఎక్కిస్తారు. అదీ కాకుంటే ఆపరేషన్. ‘సిర మూసేస్తే రక్తం ఎలా పోతుంది?’ అని భయపడక్కర్లేదు. కాలి రక్తంలో అధికభాగం లోపలి సిరల్లోంచే వెళ్తుంది. అయితే కొన్నేళ్లకు వేరే సిరలు ఉబ్బే అవకాశం ఉంది. ‘ఒక్కసారితో శాశ్వత పరిష్కారం’ అనే ప్రకటనల్ని నమ్మకండి. నగరంలో పంజాగుట్ట నిమ్స్‌లో రక్తనాళాల శస్త్రచికిత్స విభాగం ఉంది.

బిగుతు మేజోళ్లు బరువును, వాపును తగ్గిస్తాయి, సిరను మాత్రం బాగుచేయవు. పొద్దున్నే మంచం దిగకముందే తొడుక్కోవాలి. మధుమేహం ఉన్నవారు, పొగతాగేవారు ధమనుల పరీక్ష చేయించకుండా వేసుకోకూడదు.

దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే వీలు కల్పించాలంటూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. ఒక్క స్టూలుకు చట్టం కావాల్సి వచ్చింది చూడండి! అదీ లేనిచోట గంటకోసారి మడమలెత్తి దించండి, నాలుగడుగులు నడవండి.

ఉబ్బిన సిర చిట్లి రక్తం కారితే వెంటనే పడుకుని కాలు పైకెత్తి, గుడ్డతో గట్టిగా అదిమి, ఆసుపత్రికి వెళ్లాలి. ఒక కాలే ఉన్నట్టుండి వాచి నొప్పెడితే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. తెల్లారేదాకా ఆగకండి.