లెక్క తీసుకున్నోళ్లు లెక్క చెప్పాల



మా సీమలో డబ్బునే లెక్క అంటాం. "లెక్క ఉందా?" అంటే జేబులో పైసలున్నాయా అని. పైసలకూ హిసాబ్‌కూ ఒకటే మాట. కానీ రంజాన్ చాంద్ కనిపించిందంటే మా రాయచోటి వాట్సాప్ గ్రూపుల్లో మొదటి లెక్కే పరుగులు పెడుతుంది. రెండో లెక్క ఎవరి ఫోన్‌లోనూ కనిపించదు.

ఆ మెసేజ్ ఎట్లుంటుందో మీకందరికీ తెలుసు. ముక్కులో పైపులతో ఒక బచ్చా, పక్కన ఏడుస్తున్న అమ్మీ, కింద క్యూఆర్ కోడ్, ఆ కింద "షేర్ చేయండి, సవాబ్ పొందండి". తారీఖు ఉండదు. ఏ ఆస్పత్రో ఉండదు. ఎంత కావాలో ఉంటుంది, ఎంత వచ్చిందో ఉండదు. ఒకే బచ్చా ఫోటో నేను వరసగా మూడు రంజాన్‌లలో చూశాను. ఆ బిడ్డకు నయమైందా? అల్లాకు ప్యారీ అయిపోయిందా? ఫార్వర్డ్ చేసేవాళ్లలో ఒక్కరికైనా ఆ సంగతి తెలుసా? క్యూఆర్ కోడ్ మాత్రం ఇంకా పని చేస్తానే ఉంది.

ఇందులో పడే పైసలు ఎక్కడివి? చాలా వరకు కువైట్‌వి. మా ఊర్లో కువైట్‌కు ఒక్కరూ పోని గల్లీ లేదు. అక్కడ డ్రైవర్లుగా, వంటోళ్లుగా, ఖద్దామాలుగా కష్టపడేవాళ్లు జకాత్ తీసి పంపుతున్నారు. ఇంకొకరి బావర్చీఖానాలో గిన్నెలు తోమి ఐదు దీనార్లు పంపిన ఆపా, మా ఊరి ఆస్పత్రికొచ్చి మరీజ్‌ను చూసి పోలేదు కదా. కళ్లారా చూసే వీలు లేని మనిషికి హిసాబ్ అడిగే హఖ్ అందరికంటే ఎక్కువ ఉండాల. మన దగ్గర ఆమెకే అందరికంటే తక్కువ ఉంది.

పోయినేడు ఒక గ్రూపులో కిడ్నీ మరీజ్ కోసం అపీల్ వస్తే నేనూ పంపాను. పది దినాలు ఆగి, ఎంత జమ అయింది, ఆస్పత్రికి ఎంత కట్టారు అని సలాం చెప్పి మరీ అడిగాను. అడ్మిన్ జవాబు ఇది: "అల్లా కే కామ్ మే హిసాబ్ క్యా పూఛ్నా భాయ్?" సాయంత్రానికి నన్ను గ్రూపు నుంచి తీసేశారు. రాత్రికి నలుగురు విడిగా మెసేజ్ పెట్టారు. "పూఛే సో సహీచ్ హై భాయ్, మగర్ గ్రూప్ మే నై పూఛ్నా థా" అని. గ్రూపులో తీసుకున్నదానికి హిసాబ్ గ్రూపులో కాకుంటే ఎక్కడ అడగాలప్పా?

హిసాబ్ అడిగితే బద్‌గుమానీ అంట, గునాహ్ అంట. ఈ మాట చెప్పేవాళ్లు ఖురాన్‌లో అన్నిటికంటే పొడుగు ఆయత్ ఏదో ఒకసారి తీసి చదవాల. సూరె బఖరాలో 282వది. అది నమాజ్ గురించో రోజా గురించో కాదు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోండి, గవాహీ పెట్టుకోండి అని చెప్పేది. సూరె నిసాలో, యతీముల మాల్ వాళ్లకు తిరిగి అప్పగించేటప్పుడు గవాహ్‌లను పెట్టుకోమన్న హుకుం ఉంది. ఇక బుఖారీలో ఇబ్నుల్ లుత్బియ్యా సంగతి మౌల్వీ సాబ్‌లు జుమ్మా బయాన్‌లో ఎందుకు ఎక్కువ చెప్పరో నాకు అర్థం కాదు. జకాత్ వసూలుకు పోయొచ్చిన మనిషి ఆయన, సహాబీ. ఇది మీది, ఇది నాకు తోఫాగా ఇచ్చారు అన్నాడు. రసూలుల్లా సల్లల్లాహు అలైహి వసల్లం ఆయన దగ్గర హిసాబ్ తీసుకున్నారు. మీ అమ్మా నాయనల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ తోఫా నీ దగ్గరికి వచ్చేదా అని అడిగారు. విడిగా పిలిచి చెప్పి ఊరుకోలేదు, మింబర్ మీద నిలబడి అందరికీ చెప్పారు. సహాబీ ఇచ్చిన హిసాబ్ మా గ్రూపు అడ్మిన్ ఇస్తే ఇజ్జత్ పోతుందా?

ఇంకో బహానా, "ఇట్లా అడిగితే ఖిద్మత్ చేసేవాళ్లు ముందుకు రారు" అని. కువైట్‌లో మనోళ్ల పక్కనే పని చేసే మలయాళీలను చూడండి. 2021 జులైలో కన్నూరు జిల్లా మాట్టూల్‌లో ఒకటిన్నరేళ్ల బాబుకు కండరాల జబ్బు, ఇంజెక్షన్ ఖరీదు 18 కోట్లు. కొద్ది దినాల్లోనే 46 కోట్లు దాటి వచ్చాయి. ఇక చాలు, పంపొద్దు అని వాళ్లే ప్రకటించారు. ఎంత వచ్చిందో బయటపెట్టారు, మిగిలింది అదే జబ్బున్న వేరే పిల్లలకు అని చెప్పారు. 2024 ఏప్రిల్‌లో సౌదీ జైల్లో మరణశిక్ష పడ్డ కోజికోడ్ మనిషి కోసం 34 కోట్ల దియత్ పోగు చేసినప్పుడు, ఏకంగా ఒక యాప్ పెట్టారు. ఎంత జమ అవుతోందో ఎవరికి వాళ్లు చూసుకునేటట్టు. హిసాబ్ చూపించారని పైసలు తగ్గాయా? చూపించారు కాబట్టే ఎవరెవరో తెలియనోళ్లు కూడా నమ్మి వేశారు.

మన దగ్గర మిగిలిన పైసల మాటే ఎత్తరు. నాలుగు లక్షలు అడిగితే ఆరు లక్షలు వచ్చాయనుకోండి. ఆ రెండు లక్షలు ఎవరివి? అది జకాత్ అయితే తమ్లీక్ కావాల, అంటే హఖ్‌దార్ చేతికి అతని సొంతంగా అందాల. అడ్మిన్ అకౌంట్‌లో పడుంటే జకాత్ అదా అయిందో లేదో ఉలమాను అడగండి. జకాత్, సదఖా, మామూలు చందా అన్నీ ఒకే క్యూఆర్‌లో కలిపేసి, అందులోంచే పోస్టర్ ఖర్చు, కారు పెట్రోలు తీసేవాళ్లున్నారు. వసూలు చేసేవాళ్లకు జకాత్‌లో హిస్సా ఖురాన్‌లోనే ఉంది కదా అని దలీల్ ఇస్తారు. ఆ ఆమిల్‌ను బైతుల్‌మాల్ తరఫున హాకిమ్ పెడతాడు, అతని దగ్గర హిసాబ్ తీసుకుంటాడు. ఎవరికి వాళ్లే ఆమిల్ అయిపోయి వందకు ముప్పై కోసుకోవడం ఏ కితాబ్‌లో ఉంది?

వక్ఫ్ జమీన్ చూసే ముతవల్లీ ఏటా వక్ఫ్ బోర్డుకు హిసాబ్ ఇయ్యాల, 1995 చట్టంలోనే ఉంది. ఇచ్చేది ఎందరో వేరే సంగతి. వాట్సాప్ ముతవల్లీకి ఆ కాగితం భయం కూడా లేదు.

నాకు అన్నిటికంటే మండేది ఇది. గరీబు ఇంటి అమ్మీ ముఖం, బచ్చా ఒళ్లు, ఇంట్లో చిరిగిన పర్దా, అన్నీ ఫోటో తీసి ఊరంతా తిప్పుతాం. అడ్మిన్ బ్యాంక్ స్టేట్‌మెంట్ మాత్రం పర్దానషీన్. తిప్పి చేయాల్సిన పని ఇది. మరీజ్ ముఖం దాచండి. ఆస్పత్రి ఎస్టిమేట్, తారీఖు, ఎంత వచ్చింది, ఎంత కట్టారు, బిల్లు, అవి చూపించండి. ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, దాంట్లో ఆ ఇలాజ్ వస్తుందో లేదో కనుక్కుని రాయండి. అసలు ముందు ఆ దఫ్తర్‌కు మరీజ్ వెంట పోవడమే పెద్ద ఖిద్మత్.

దీని నుఖ్సాన్ అడ్మిన్‌కు కాదు. ఇప్పుడు నిజంగా ప్రాణం మీదికొచ్చిన మనిషి అపీల్ పెడితే కింద "ఫేక్" అని రాసేవాళ్లు తయారైనారు. ఆ రాత్రికి బెంగళూరుకో తిరుపతికో పోవడానికి అంబులెన్స్ కిరాయి లేనోడు ఆ మాట చదువుతాడు.

కువైట్‌లో ఉన్న భాయీలకూ ఆపాలకూ నాలుగు మాటలు. స్కాన్ చేశాక పిన్ కొట్టే ముందు పేరు వస్తుంది, అది చదవండి. మరీజ్ పేరూ, సంస్థ పేరూ కాకుండా వేరే మనిషి పేరు వస్తే ఎవరని అడగండి. వీలైతే ఆస్పత్రి అకౌంట్‌కే వేయండి. అక్కడ రూముల్లో పైసలు పోగు చేసేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోండి, ఆ ముల్క్‌లో ఇజాజత్ లేకుండా చందా వసూలు చేయడం జుర్మ్. ఇక్కడ పోస్టర్ పెట్టినోడు మీ కోసం అక్కడికి రాడు.