కాలు లాగుతోందా... నడుమునడగండి!

నడుములో మొదలై పిరుదు, తొడ వెనక, పిక్క మీదుగా పాదం దాకా తీగలా లాగే నొప్పి. దగ్గినా తుమ్మినా కరెంటు షాక్ కొట్టినట్టు ఉంటుంది. కాసేపు కూర్చుంటే కాలంతా తిమ్మిరి. ఇదే సయాటికా. ఇది వచ్చిన ఇంట్లో సలహాలకు కొదవుండదు. 'నెల రోజులు మంచం దిగొద్దు' అంటారు పక్కింటివాళ్లు. 'ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుం తన్నించుకో' అంటుంది అమ్మమ్మ. 'ఇక్కడ కైరోప్రాక్టర్లుంటారు, టక్కుమనిపిస్తే పోతుంది' అంటాడు అమెరికాలో ఉన్న అబ్బాయి. మరి ఎవరి మాట వినాలి?

నొప్పి ఒకచోట... మూలం ఇంకోచోట

సయాటికా అన్నది జబ్బు పేరు కాదు, లక్షణం పేరు. మన ఒంట్లో అన్నిటికన్నా పొడవైన, లావైన నరం సయాటిక్ నరం. వెన్ను కింది భాగం నుంచి వచ్చే ఐదు నరాల మూలాలు కలిసి ఇది తయారవుతుంది. వీటిలో ఏది నొక్కుకుపోయినా నొప్పి కాల్లో తెలుస్తుంది. అందుకే కాలికి ఎంత బామ్ రాసినా అసలు సమస్య అలాగే ఉంటుంది.

ఎక్కువమందిలో దీనికి కారణం డిస్క్. వెన్నుపూసల మధ్య మెత్తటి దిండులా ఉండే ఈ డిస్క్‌లోంచి జిగురు పదార్థం బయటికి పొడుచుకొచ్చి నరాన్ని ఒత్తుతుంది. ఈ సంగతిని 1934లో అమెరికాలోని బోస్టన్ డాక్టర్లు మిక్స్టర్, బార్ వివరంగా చెప్పారు. పెద్ద వయసువారిలో నరాలు వెళ్లే దారి ఇరుకవడం వల్ల కూడా రావచ్చు. వీళ్లకు నాలుగడుగులు వేయగానే కాళ్లు లాగుతాయి, కూర్చుంటే హాయిగా ఉంటుంది. అరుదుగా వెన్నుకు సోకిన క్షయ, కణుతులు కూడా కారణం కావచ్చు.

వెంటనే ఎమ్మారై కావాలా?

అందరికీ అక్కర్లేదు. నొప్పి లేనివారి స్కానింగులను పరిశీలించిన ఒక సమీక్ష 2015లో వెలువడింది. దాని ప్రకారం 20 ఏళ్లవారిలో 30 శాతం మందికి, 80 ఏళ్లవారిలో 84 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది. అంటే రిపోర్టులో 'డిస్క్ బల్జ్' అని ఉన్నంత మాత్రాన హడలిపోనక్కర్లేదు. పైగా పొడుచుకొచ్చిన భాగం చాలామందిలో క్రమంగా తనంతట తానే కుంచించుకుపోతుంది. ఎక్కువమందికి 6 నుంచి 12 వారాల్లో ఆపరేషన్ లేకుండానే గుణం కనిపిస్తుంది. అప్పటికీ బాధ తగ్గకపోతేనో, కాలు బలహీనపడితేనో స్కానింగ్ అవసరమవుతుంది.

'టక్' మంటే తగ్గుతుందా?

కైరోప్రాక్టిక్ అంటే చేతులతో వెన్ను కీళ్లను సర్దే పద్ధతి. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి.పామర్ దీన్ని మొదలుపెట్టాడు. అక్కడ కైరోప్రాక్టర్లకు లైసెన్సు తప్పనిసరి. మన దేశంలో అలాంటి వ్యవస్థ లేదు. ఫిజియోథెరపిస్టులకు మాత్రం 2021 నాటి చట్టంలో గుర్తింపు ఉంది. కాబట్టి బోర్డు చూసి కాకుండా, చేసేవారి చదువేమిటో అడిగి తెలుసుకుని వెళ్లాలి.

ఆ 'టక్' శబ్దం ఎముక చోటుకు చేరిన శబ్దం కాదు. కీలులోని ద్రవంలో వాయు బుడగ ఏర్పడటం వల్ల వచ్చేది. మరి ఉపయోగమే లేదా అంటే ఉంది. 2006లో ఇటలీ వైద్యులు డిస్క్ సమస్యతో నడుం, కాలు నొప్పి ఉన్న 102 మందిపై అధ్యయనం చేశారు. చేతులతో సర్దే చికిత్స నిజంగా పొందినవారిలో 55 శాతం మందికి కాలిలోకి పాకే నొప్పి పోయింది. ఉత్తుత్తి చికిత్స పొందినవారిలో 20 శాతం మందికే పోయింది. అయితే ఒక్క చిన్న అధ్యయనంతో తీర్పు చెప్పలేం. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇలాంటి చికిత్సను వ్యాయామంతో కలిపి మాత్రమే పరిశీలించమన్నాయి.

అందుకే ముందు డాక్టర్ పరీక్ష, తర్వాతే వెన్ను మీద చెయ్యి. ఎముకలు గుల్లబారినవారు, చాలాకాలంగా స్టెరాయిడ్లు వాడుతున్నవారు, రక్తం పలుచబడే మందులు వేసుకునేవారు, గతంలో క్యాన్సర్ వచ్చినవారు, జ్వరంతోపాటు బరువు తగ్గుతున్నవారు వెన్ను విరిపించుకోకూడదు. నడుం తన్నించుకోవడం ఎవరికీ మంచిది కాదు.

ఇవి కనిపిస్తే ఆగొద్దు

* మూత్రం బిగుసుకుపోవడం, లేదా తెలియకుండానే మూత్రం, విరేచనం పోవడం
* మర్మావయవాలు, మలద్వారం చుట్టూ స్పర్శ తెలియకపోవడం
* నొప్పి, బలహీనత రెండు కాళ్లకూ పాకడం
* పాదం పైకి లేవకపోవడం, చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియకపోవడం

మొదటి మూడూ వెన్ను చివరి నరాల గుత్తి మొత్తం నలిగిపోతోందనడానికి గుర్తులు కావచ్చు. అప్పుడు గంటలు కూడా విలువైనవే. ఆలస్యమైతే మూత్రంపై అదుపు శాశ్వతంగా పోవచ్చు. మసాజులు, కట్లు, కైరోప్రాక్టర్లు అన్నీ పక్కనపెట్టి అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఇలాంటివి చెప్పడానికి ఇంట్లో పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు సిగ్గుపడతారు. అందుకే మీరే అడగండి.

కాళ్ల బలాన్ని ఇంట్లోనే చూసుకోవచ్చు. గోడ ఆసరాతో పది అడుగులు మునివేళ్ల మీద, పది అడుగులు మడమల మీద నడవండి. ఏ కాలైనా సహకరించకపోతే ఆ రోజే డాక్టర్‌ను కలవండి.

ఇంట్లో ఏం చేయాలి?

నొప్పి మరీ ఎక్కువగా ఉంటే ఒకటి రెండు రోజులు విశ్రాంతి చాలు. తర్వాత ఓర్చుకోగలిగినంత మేర నడవాలి. మంచం పడితే కండరాలు సడలి నొప్పి ఇంకా ముదురుతుంది. పక్కకు తిరిగి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పడుకుంటే ఒత్తిడి తగ్గుతుంది. అరగంటకోసారి కుర్చీలోంచి లేవండి. గ్యాస్ బండ, నీళ్ల బిందె వంగి ఎత్తే పని కొన్నాళ్లు ఇంకొకరికి అప్పగించండి. నొప్పి మాత్రలు సొంతంగా వారాల తరబడి మింగొద్దు. కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

సయాటికాకు కావాల్సింది చాలావరకు ఓపిక, నడక, సరైన వ్యాయామం. తొందరపడాల్సింది ఆ నాలుగు లక్షణాలు కనిపించినప్పుడే. అవేమిటో ఇంటిల్లిపాదీ గుర్తుపెట్టుకోండి.