తిత్తులు కాని తిత్తులు

మా అక్కయ్య కుమార్తెకు ఇరవై రెండేళ్ళు. నెలసరి మూడు నెలలకొకసారి రావడం, గడ్డం మీద వెంట్రుకలు, నడుము చుట్టూ పెరుగుతున్న బరువు. స్కానింగు కాగితం చేతపట్టుకొని, "పిన్నీ, ఇందులో ఏమున్నదో తెలుగులో చెప్పు" అంటూ వచ్చింది.

అనువాదం నా వృత్తి. అయినా ఆ పేరు దగ్గర కలం ఆగింది. 'పాలిసిస్టిక్ ఓవరీ' అంటే పలు తిత్తులు గల అండాశయం. కాని అవి నిజమైన తిత్తులు కావు. పక్వానికి రాకుండా ఎదుగుదల నిలిచిపోయిన అండపుటికలు. 1935లో షికాగో వైద్యులు స్టీన్, లెవెంతాల్ ఏడుగురు స్త్రీలలో ఈ లక్షణాలను వర్ణించి, అండాశయంలో కొంత భాగాన్ని కోసి తీసివేసి చికిత్స చేశారు. ఆనాటి పేరే నిలిచింది, దానితోపాటు భయమూ నిలిచింది. కోసి తీయవలసినదేదో తనలో ఉన్నదని పిల్ల హడలిపోయింది.

చాలామందిలో కీలకం మరొకచోట ఉన్నది. శరీరం ఇన్సులిన్‌కు సరిగా లొంగదు. లొంగనికొద్దీ క్లోమం మరింత స్రవిస్తుంది. ఆ అధిక ఇన్సులిన్ అండాశయాలను పురికొల్పి పురుష హార్మోన్లను ఎక్కువగా తయారుచేయిస్తుంది. సన్నగా ఉన్నవారిలోనూ ఇది జరుగవచ్చు.

వేగంగా నడిచేటప్పుడు పనిచేసే కండరం ఇన్సులిన్ కోసం వేచి ఉండదు. రక్తంలోని గ్లూకోజును తానే లోనికి తీసుకుంటుంది. నడక ముగిశాక కూడా ఒకటి రెండు రోజులు ఇన్సులిన్‌కు చురుకుగా స్పందిస్తుంది. అందుచేతనే ఆదివారం ఒక్కనాడే రెండు గంటలు నడవడం కంటే రోజు విడిచి రోజైనా నడవడం మేలు. 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యరకం శ్రమ, లేదా 75 నుండి 150 నిమిషాల తీవ్రశ్రమ అవసరమంటున్నాయి. మధ్యరకమంటే మాట సాగాలి, పాట సాగకూడదు. ఈత, సైకిలు, తాడాట ఏదైనా సరే. బరువు తగ్గకపోయినా ప్రయోజనముంటుంది.

"ఇంటిపని చాలదా?" అన్నది అక్కయ్య. పొయ్యి దగ్గర నిలబడితే అలసట వస్తుంది గాని, గుండె వేగం పెరుగదు! "పెళ్ళయితే అదే సర్దుకుంటుంది" అని కూడా అన్నది. సర్దుకోదు. నెలసరి నెలల తరబడి రాకపోతే గర్భాశయపు లోపలి పొర మందమై ప్రమాదం తేవచ్చు. మధుమేహ పరీక్ష కూడా అవసరం. అందుకు నడక చాలదు, వైద్యురాలు కావాలి. ఆ మాట మీద అక్కయ్యతో నాలుగు రోజులు మాటలు లేవు. అయిదవనాడు తానే వెంటబెట్టుకొని తీసుకువెళ్ళింది.

ఇప్పుడు తెల్లవారుజామున మేమిద్దరం చెరువుగట్టు మీద నడుస్తున్నాము. పావుగంటకే నా మాట ఆగిపోతున్నది; దానిది మాత్రం సాగుతూనే ఉన్నది.