చెవిలో కమ్మరి కొలిమి



ఒకనాడు నా మనుమలనూ, వాళ్ళ స్నేహితులనూ వెంటబెట్టుకుని మదనపల్లి నుంచి హార్స్లీ హిల్స్‌కు బస్సులో బయలుదేరాను. ఈ కొండకు మనవాళ్ళు పెట్టుకున్న పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఎత్తు 4,000 అడుగులకు పైమాటే. మలుపులు తిరుగుతూ బస్సు పైకి పోతూంటే పిల్లలందరూ చెవులు పట్టుకున్నారు.

"తాతా, చెవులు దిబ్బడ వేశాయి!" అన్నది మనుమరాలు.

"గుటక వెయ్యండి," అన్నాను. వేశారు. టప్పుమని చెవులు విడినవి.

ఎందుకు విడినవి? చెవిలో కర్ణభేరి వెనుక ఒక చిన్న గది ఉన్నది. దానినే మధ్య చెవి అంటారు. అందులో గాలి ఉంటుంది. కొండ ఎక్కేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు లోపలి గాలి కర్ణభేరిని బయటికి నెడుతుంది. ఆ గది నుంచి గొంతు వెనుకకు ఒక సన్నని గొట్టం ఉన్నది. గుటక వేస్తే ఆ గొట్టం తెరుచుకుని, ఒత్తిడి సమానమవుతుంది.

ఆ గదిలో మూడు బుల్లి ఎముకలు ఉన్నవి: సుత్తి, దాగలి, అంకవన్నె. మొదటి రెండూ కమ్మరి పనిముట్లు. మూడవది గుర్రపు రౌతు కాలు పెట్టేది. వాటి ఆకారాన్ని బట్టి ఈ పేర్లు వచ్చినవి. మన ఒంటిలోకెల్లా చిన్న ఎముక అంకవన్నె. దాని పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు! కర్ణభేరి అదిరితే సుత్తి కదులుతుంది. సుత్తి దాగలినీ, దాగలి అంకవన్నెనూ కదిలిస్తవి. లోపలి చెవిలో ఉన్నది ద్రవం. గాలిలో వచ్చిన చప్పుడు ద్రవంలోకి సులువుగా పోదు. ఈ ఎముకలు దాని ఒత్తిడిని 15 రెట్లకు పైగా పెంచి లోపలికి పంపుతవి.

కొండపైన ఒక బండమీద తొండ కనిపించింది. దాని కంటి వెనుక గుండ్రని మచ్చవంటి కర్ణభేరిని పిల్లలకు చూపించాను. తొండకూ, కాకికీ, కప్పకూ మధ్య చెవిలో ఉండేది ఒకే ఎముక. మరి మనకు తక్కిన రెండూ ఎక్కడివి? అవి దవడ నుంచి వచ్చినవి! తొండ నోరు తెరిచినప్పుడు మడత బందులాగా పనిచేసే రెండు ఎముకలే క్షీరదాలలో చిన్నవై చెవిలోకి చేరినవి. ఈ సంబంధాన్ని 1837లో రైఖర్ట్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు పిండాలను పరీక్షించి చూపాడు.

"మన అడవిలోని అలుగూ, అమెరికాలోని ఆర్మడిల్లో అన్నదమ్ములేనా, తాతా?" అని మనుమడు అడిగాడు. బొమ్మలో రెండూ కవచం తొడుక్కున్నట్టే ఉంటవి. కాని అలుగు పొలుసులు మన గోళ్ళవంటి పదార్థంతో అయినవి. ఆర్మడిల్లో కవచంలో ఉన్నవి ఎముక పలకలు. అలుగు కుక్క, పిల్లుల వంశానికి దగ్గర. ఆర్మడిల్లో మరొక వంశం.

వాటి చెవులు చూడండి. అలుగు అంకవన్నెకు నడుమ రంధ్రం లేదు. తొండ ఎముకలాగా పుల్లవలె ఉంటుంది. తొమ్మిది పట్టీల ఆర్మడిల్లోకు కర్ణభేరి చుట్టూ ఉన్నది పూర్తికాని ఎముక వలయం మాత్రమే. దాని చుట్టమైన ఆరు పట్టీల ఆర్మడిల్లోకో, మధ్య చెవి చుట్టూ ఎముకతో కట్టిన డొల్ల ఉన్నది. ఇన్ని తేడాలున్నా లెక్కపెడితే అన్నిటికీ ఎముకలు మూడే. పొలుసులు చూసి అలుగును తొండ చుట్టమనుకునేవాడికి చెవి నిజం చెబుతుంది.

పైరూపు చూసి నేనూ ఒకసారి మోసపోయాను. నేను పంతులుగా ఉన్న రోజులలో వెనుక బల్లమీద ఒక కుర్రవాడు కూర్చునేవాడు. ఏమి అడిగినా పలికేవాడు కాదు. నా మాట పెడచెవిన పెడుతున్నాడని కోప్పడ్డాను. గోడకుర్చీ కూడా వేయించాను. తరువాత ఒక డాక్టరు చూసి, మధ్య చెవిలో చీము పట్టిందనీ, ఆ బుల్లి ఎముకలు సరిగా కదలడం లేదనీ చెప్పాడు. వైద్యం జరిగాక వాడు చక్కగా విన్నాడు, చక్కగా చదివాడు. నన్ను వాడు ఏమీ అనలేదు. కాని వాణ్ణి గోడకుర్చీ వేయించిన సంగతి నేను నేటికీ మరువలేదు.

కనుక పిల్లలూ, చెవిలో పుల్లలూ, పిన్నీసులూ పెట్టకండి. చెవి పోటు పెట్టినా, కారినా పెద్దలకు చెప్పి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. మీ తరగతిలో పిలిస్తే పలకని వాడెవడైనా ఉంటే నవ్వకండి. వాడికి వినబడుతున్నదో లేదో ముందు కనుక్కోండి.