పదో నరసింహుడు

సంతాపసభలో నవ్విన మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. చూడడమేమిటి, ఆ నవ్విన మనిషిని నేనే! పైగా ఆనాటి ఉపన్యాసకుణ్ణి కూడా నేనే.

పోయినవాడు నా చిన్ననాటి స్నేహితుడు. పేరు రాయను. రాస్తే, పత్రికలో పేరు పడిందని బతికున్నన్నాళ్ళూ లేని గర్వం వాడికి ఇప్పుడొస్తుంది. ఆళ్ళగడ్డలో ఎరువుల దుకాణం నడిపేవాడు. నేను తెలుగు ఎం.ఏ. చదివి కళాశాలలో పాఠాలు చెప్పుకుంటున్నాను. వాడి దృష్టిలో రెండూ ఒకటే వ్యాపారం. "నేను చేన్లకేస్తా, నువ్వు పిల్లోళ్ళకేస్తావు. పంట రాకపోతే ఇద్దరమూ వాననే తిడతాము" అనేవాడు.

పెద్దకర్మనాడు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. ముందురోజు రాత్రి కూర్చుని కాగితం నిండా రాసుకున్నాను: తీరని లోటు, స్నేహశీలి, మృదుభాషి. తీరా చదవబోతే, మృదుభాషి దగ్గర నా నోరు ఆగిపోయింది. వాడు దుకాణంలో మాట్లాడితే బస్టాండులో వినిపించేది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అహోబిలం సంగతి ఎత్తుకున్నాను.

అప్పట్లో మేము డిగ్రీ చదువుతున్నాము. ఆళ్ళగడ్డ నుంచి అహోబిలం పాతిక కిలోమీటర్ల పైచిలుకు. 2022 నుంచి నంద్యాల జిల్లా అంటున్నాము గాని, అప్పుడంతా కర్నూలు జిల్లాయే. సెలవొస్తే చాలు, బస్సెక్కేవాళ్ళం. నల్లమల కొండల్లో జ్వాల, అహోబల, మాలోల, క్రోడ, కారంజ, భార్గవ, యోగానంద, ఛత్రవట, పావన నరసింహులని తొమ్మిదిమంది స్వాములు. ఆ రోజు చెన్నై నుంచి వచ్చిన ఒక కుటుంబం మమ్మల్ని దారి అడిగింది. వాళ్ళకు తెలుగు అంతంతమాత్రం, మావాడికి అరవం బొత్తిగా రాదు. అయినా వీడు గైడు అవతారమెత్తాడు.

మధ్యాహ్నమయ్యేసరికి వీడికి ఆకలి దంచింది. వాళ్ళేమో తొమ్మిదీ చూడందే పచ్చి మంచినీళ్ళు ముట్టేట్టు లేరు. అప్పుడు వీడు కళ్ళు అరమోడ్చి, "పదో నరసింహుడొకడు ఉండాడు. ఆయన్ను చూడకుంటే ఈ తొమ్మండుగురి ఫలమూ దక్కదు" అన్నాడు. పాపం, వాళ్ళు చేతులు జోడించుకుని వెంట నడిచారు. వీడు తిన్నగా దిగువ అహోబిలంలో ఒక పూటకూళ్ళ ఇంటికి తీసుకుపోయి, పీటమీద కూర్చుని, విస్తరి చూపించి, "ఈయనే! ఆకలి నరసింహుడు!" అన్నాడు. వాళ్ళలో ముసలావిడ ఒక్క క్షణం ఉరిమి చూసింది. తరవాత పకపకా నవ్వి, మా ఇద్దరి భోజనం డబ్బులూ ఆవిడే ఇచ్చింది.

ఇంతవరకూ చెప్పేసరికి నాకు నవ్వాగలేదు. సభలో ఒకరిద్దరు అందుకున్నారు. ఒక పెద్దాయన లేచి, "కర్మనాడు ఈ నవ్వులేంది?" అని గద్దించాడు. నాకు తల కొట్టేసినట్టయింది. అప్పుడు లోపలనుంచి వాడి భార్య గొంతు వినిపించింది.

"తిట్టొద్దు మామా. ఇన్ని దినాల్నుంచీ కండ్లు మూసుకుంటే ఆ ఆసుపత్రి మంచంలోని ముఖమే కనపడతా ఉంది. ఇప్పుడే నవ్వే ముఖం కనపడింది. ఇంగొకటి చెప్పన్నా."

చెప్పాను. ఛత్రవట నరసింహుడు గంధర్వుల పాటకు మెచ్చి, చేత్తో తాళం వేస్తున్నాడని అక్కడ చెబుతారు. మావాడు ఆయన ఎదుట నిలబడి సినిమా పాట ఎత్తుకున్నాడు. "ఒరేయ్, స్వామి తాళం ఆపేశాడురా" అన్నాను. "ఆపలేదు. లేచి పరిగెత్తకుండా తన తొడ తానే పట్టుకోనుండాడు" అన్నాడు.

మరొకటి చెప్పాను. స్వామి చీల్చుకుని వచ్చిన ఉగ్రస్తంభం కొండ కొమ్మున ఉన్నది. జ్వాలా నరసింహుడి గుడి దాటి ఇంకా పైకి పోవాలి. సగం దారిలో వీడు బండమీద చతికిలబడ్డాడు. "సామి కంబంలోనుంచి బయటికొచ్చేసినాడు గదరా! ఇంగ ఆడ ఏముంది చూసేదానికి?" అన్నాడు. నేను గంభీరంగా ఎఱ్ఱన నృసింహపురాణం ఎత్తబోయాను. "ఎఱ్ఱన మాత్రం ఎక్కి చూసినాడా? నీడలో కూచోని రాసింటాడు" అని నన్ను కిందికి లాక్కొచ్చాడు.

సభలో చెప్పని సంగతి ఒకటున్నది. కనుమనాడు అహోబిలంలో పారువేట మొదలవుతుంది. స్వామి పల్లకీలో దాదాపు నలభై రోజులు ఊరూరా తిరిగి, జనాన్ని తన పెండ్లికి తానే పిలుచుకుంటాడని నమ్మకం. వాడు పోయిన ఏడాది కనుమనాడు నాకు ఫోను చేశాడు. "సామే తిరిగి పిలుస్తాండాడు. నిన్ను మాత్రం నేను పిలవాల. వయసు మీద పడతాంది, ఈసారి ఆ కంబం ఎక్కుదాం రారా" అన్నాడు. "పరీక్షలు కానీ, పేపర్లు దిద్దడం కానీ" అన్నాను. పేపర్లు దిద్దడం అయింది. వాడు లేడు.

సభ ముగిశాక వాడి కొడుకు నా దగ్గరికి వచ్చాడు. పన్నెండేళ్ళవాడు. అందరూ నవ్వుతున్నా మూల కూర్చుని నవ్వనివాడు వీడొక్కడే. "మామా, ఆ కంబం నిజంగా ఉందా?" అన్నాడు.

ఈసారి పేపర్ల మాట ఎత్తలేదు. చలికాలం రాగానే, దారి తెలిసిన మనిషిని తోడు పెట్టుకుని ఇద్దరమూ ఎక్కాము. నా మోకాళ్ళు దారి పొడుగునా మావాడి పక్షమే మాట్లాడాయి. వాడు చతికిలబడిన బండ ఇదేనని పిల్లవాడికి ఒకటి చూపించాను. నిజానికి అదో కాదో! పైన నిలువునా చీలినట్టున్న రాతికొమ్ము, ఈదురుగాలి. పిల్లవాడు అటు చూశాడు, ఇటు చూశాడు.

"మామా, నాయన చెప్పింది నిజమే. ఈడ ఏమీ లేదు!" అన్నాడు.

అని ఒక్కసారిగా నవ్వాడు. ఆ నవ్వు కింద జ్వాలా నరసింహుడి గుడిదాకా వినిపించి ఉంటుంది. మృదుభాషి కొడుకు మరి!

దిగి వచ్చాక, పదో నరసింహుడి దర్శనం కూడా చేసుకున్నాము. పిల్లవాడు మారు వడ్డించుకున్నాడు.