'తేడా' తప్ప మరో మాట లేదా?

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సందులలో మగపిల్లల హాస్టళ్ళకు లెక్కలేదు. గదికి ముగ్గురో నలుగురో. పగలు కోచింగ్, రాత్రి చేతిలో ఫోను. ఆ ఫోనులోకి జపాను బొమ్మల కథలు ఎప్పుడో చేరాయి. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్' చిత్రం తెలుగు మాటలతోనే థియేటర్లకు వచ్చింది. ఆ కథలలో ఇద్దరు పురుషుల ప్రేమను చెప్పే శాఖ ఒకటి ఉన్నది. మన సాహితీపరులు దానిని చర్చించగా నేను చూడలేదు.

విచిత్రమేమంటే, ఈ శాఖకు పునాది వేసినది స్త్రీలు. 1970లో తకెమియా కెయికో, ఆ తరువాత హగియో మోతో, ఇరవైలలో ఉన్న యువతులు, బాలికల పత్రికలలో వీటిని ప్రారంభించారు. హగియో 'థామస్ హృదయం' 1974లో వచ్చింది. నాయిక అనగానే అణకువ, పెళ్ళి అనే చట్రం కథకు బిగుసుకుంటుంది. ఇద్దరూ మగపిల్లలే అయితే సమానుల ప్రేమను ఊహించవచ్చును. ఈ శాఖ బలం అదేనని నా అభిప్రాయం.

లోపమూ అక్కడే ఉన్నది. ఈ అందగాళ్ళకూ తన వంటి స్వలింగప్రేమికుల జీవితానికీ సంబంధం లేదని 1992లో సతో మసాకి అనే ఆయన ఒక స్త్రీవాద పత్రికలో విరుచుకుపడ్డాడు. దానిపై అక్కడ ఏళ్ళ తరబడి వాదోపవాదాలు నడిచాయి. ఆయన ఆగ్రహంలో న్యాయమున్నది. కాని ఆగ్రహించడానికైనా అక్కడ ఒక సాహిత్యం ఉన్నది!

మరి మనకు? 2022 అక్టోబరులో 'ఆర్ఆర్ఆర్' జపానులో విడుదలయింది. మనకు స్నేహంగా కనిపించిన రామ్, భీమ్‌ల బంధంలో అక్కడి అభిమానులు కొందరు ప్రేమను చూసి బొమ్మలు గీశారు. 2024లో స్త్రీలే అన్ని పాత్రలూ ధరించే తకరజుకా బృందం ఆ కథను రంగస్థలం మీద ఆడింది. ఇది వక్రదృష్టి అనేవారికి ఒక్క మాట. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా నడిచివస్తే తన్మయులమైన జాతి మనది. పురుషుడు స్త్రీ అయితే రసం, పురుషుడు పురుషుడిగానే పురుషుణ్ణి ప్రేమిస్తే వెకిలి హాస్యం! ఇదేమి న్యాయం?

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఈ ప్రేమను నేరాల జాబితా నుండి తప్పించింది. వివాహ హక్కు కోరుతూ కోర్టుకెక్కిన వారిలో మన హైదరాబాదు జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ ఉన్నారు. 2023 అక్టోబరు 17న ఆ హక్కు దక్కలేదు. చట్టం ఈ మాత్రమైనా కదిలింది, మన భాష కదలలేదు. హాస్టలు గదిలోని కుర్రవాడు తన మనసును తెలుగులో వెతుక్కుంటే దొరికేది, సినిమా నేర్పిన "వాడు తేడా" అన్న వెక్కిరింత ఒక్కటే.

జపాను కలలను అనువదించుకోమని నేననను. పంజాగుట్ట బస్టాపులో పక్కపక్కనే నిలబడి, చేయి పట్టుకోవడానికి జంకే ఇద్దరి కథ కావాలి. ఆ జంకు ఎరిగినవారే వ్రాస్తే మరీ మంచిది. అటువంటి కథ ఎవరైనా వ్రాసిన నాడు, మిత్రులారా, మనం దానిని కథగా చదవాలి. వ్రాసినవాడు "తేడానా?" అని ఆరా తీయకుండా ఉంటే చాలు.