ఫోను చూపే వేళ ఏ ఊరిది?

2025లో సౌదీ అరేబియాలో రమజాన్ మార్చి 1న మొదలైంది. మన దేశంలో మార్చి 2న మొదలైంది. అక్కడ ఈదుల్ ఫిత్ర్ మార్చి 30న జరిగింది, ఇక్కడ మనం 31న జరుపుకున్నాం. నెలవంక దర్శనాన్ని బట్టి వచ్చే ఈ తేడా మన పెద్దలకూ తెలిసిందే. అయితే ఇప్పుడు ఆ తేడా మన చేతిలోని ఫోనులోకి కూడా వచ్చింది. మార్చి 1న మన మసీదుల లెక్కలో షాబాన్ 30. సౌదీ వారి ఉమ్ముల్ ఖురా పంచాంగాన్ని అనుసరించే ఫోనులో అదే రోజు రమజాన్ 1. ఇంట్లో పిల్లలు ఫోను చూపించి "ఈరోజే ఉపవాసం కదా" అని అడిగితే పెద్దలు ఏమని జవాబు చెప్పాలి?

ఫోను అబద్ధం చెప్పలేదు. ఏ ఊరి లెక్క చెబుతోందో మాత్రం చెప్పలేదు. నేటి సాఫ్ట్‌వేర్‌లో తేదీలు, వేళల విషయంలో వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతున్నాయి. విదేశాల్లో బిడ్డలున్న కుటుంబాలకు ఇది ఆషామాషీ విషయం కాదు. వీసా గడువు, విమానం టికెట్టు, ఇఫ్తార్ వేళ అన్నీ దీనితో ముడిపడి ఉన్నాయి.

నాగర్‌కర్నూల్ జిల్లాలోని లింగాలనే ఉదాహరణగా తీసుకుందాం. నల్లమల అంచున ఉన్న మండల కేంద్రమిది. పాలమూరు నేలకు వలస కొత్త కాదు. ఇక్కడి ఒక ఇంట్లో పెద్దకొడుకు రియాద్‌లో, అల్లుడు దుబాయిలో, చిన్నకొడుకు అమెరికాలోని డల్లాస్‌లో ఉన్నారనుకుందాం. లింగాలలో రాత్రి 9 గంటలైతే దుబాయిలో 7.30, రియాద్‌లో సాయంత్రం 6.30. డల్లాస్‌లో వేసవిలో అయితే ఉదయం 10.30, చలికాలంలో అయితే 9.30. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాలు ఏడాదికి రెండుసార్లు గడియారాన్ని గంట ముందుకు, వెనక్కు జరుపుతాయి కనుక ఈ తేడా.

మరి కంప్యూటరు ఈ లెక్కలన్నీ ఎలా గుర్తుంచుకుంటుంది? చాలా యంత్రాలు 1970 జనవరి 1 అర్ధరాత్రి నుంచి గడిచిన సెకన్లను లెక్కపెడుతూ పోతాయి. ఆ అర్ధరాత్రి ప్రపంచ ప్రమాణ కాలానిది, మన వేళకు అది తెల్లవారుజామున 5.30. ఈ సెకన్ల సంఖ్య రియాద్‌లోనూ లింగాలలోనూ ఒక్కటే. దాన్ని మనిషికి చూపించేటప్పుడు మాత్రం ఆయా ప్రాంతపు వేళగా మార్చాలి. అందుకు ప్రపంచంలోని ప్రాంతాల కాలనియమాలన్నీ రాసిపెట్టిన ఒక పట్టిక ఉంది. ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ అనే అమెరికన్ 1980లలో దీన్ని ప్రారంభించారు. 2011 నుంచి ఇంటర్నెట్ పేర్లు, సంఖ్యలు చూసే ఐయానా సంస్థ నీడలో ఇది నడుస్తోంది. అందులో మన దేశమంతా కోల్‌కతా పేరు కిందే ఉంటుంది. ఫోనులో లింగాల కోసం వెదికితే కోల్‌కతా కనిపించడానికి కారణం ఇదే.

ప్రభుత్వాలు ఆఖరి నిమిషంలో నియమాలు మారిస్తే ఈ పట్టిక ఏమి చేయగలదు? 2023 మార్చిలో లెబనాన్‌లో జరిగింది చూడండి. వేసవి వేళ మార్చి 26న మొదలు కావలసి ఉండగా, ఆపద్ధర్మ ప్రధాని నజీబ్ మికాతీ దాన్ని రమజాన్ ముగిసే దాకా వాయిదా వేశారు. నిర్ణయం రెండు మూడు రోజుల ముందు మాత్రమే వెలువడింది. మారోనైట్ చర్చి ఒప్పుకోలేదు. కొన్ని సంస్థలు పాత వేళను, కొన్ని కొత్త వేళను పాటించాయి. ఫోన్లు కూడా రెండుగా చీలాయి. చివరకు ప్రభుత్వం వెనక్కు తగ్గింది. ఒకే దేశంలో కొద్ది రోజులు రెండు గడియారాలు నడిచాయి. గడియారం కూడా పాలకుల నిర్ణయం మీద ఆధారపడిందని దీనివల్ల తేటతెల్లమైంది.

ఇంతవరకు చెప్పింది ఫోను పిలుపు, విమానం బయలుదేరడం వంటి ఒక క్షణానికి సంబంధించిన లెక్క. ఆ క్షణాన్ని ఏ దేశపు వేళలోకైనా మార్చుకోవచ్చు. పుట్టిన తేదీ సంగతి వేరు. అది పత్రం మీద ఉన్నది ఉన్నట్టే ఉండాలి. కొందరు ప్రోగ్రామర్లు దాన్ని కూడా క్షణంగా భావించి ప్రమాణ కాలంలోకి మార్చేస్తారు. అప్పుడు ఏప్రిల్ 3 అర్ధరాత్రి అనుకున్నది ఏప్రిల్ 2 సాయంత్రం 6.30 అవుతుంది. తెర మీద ఏప్రిల్ 2 అని పడుతుంది. పాస్‌పోర్టులో ఒక తేదీ, దరఖాస్తులో మరొక తేదీ ఉంటే ఆ కుటుంబం పడే తిప్పలు చెప్పనలవి కాదు.

తేదీ రాసే వరుస ఇంకొక చిక్కు. 03/04/2025 అని ఉంటే మనకు అది ఏప్రిల్ 3. అమెరికా వారికి మార్చి 4. రెండూ సరైన తేదీలే కనుక యంత్రం పొరపాటును పట్టుకోలేదు. ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆపైన రోజు రాయాలని 1988లోనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. ఇళ్ళలో మనం అంతదూరం వెళ్ళనక్కరలేదు. నెల పేరును అక్షరాలలో రాస్తే చాలు, గొడవ ఉండదు.

హిజ్రీ తేదీలది మరీ ప్రత్యేకమైన స్థితి. హిజ్రీ సంవత్సరం ఆంగ్ల సంవత్సరం కంటే సుమారు 11 రోజులు తక్కువ. సౌదీలో ప్రభుత్వోద్యోగుల జీతాలను కూడా హిజ్రీ నెలలను బట్టి కాక ఆంగ్ల నెలలను బట్టి లెక్కించడం 2016లోనే మొదలైంది. సౌదీ పత్రాల మీద హిజ్రీ తేదీలు చాలాకాలంగా ఉంటూ వచ్చాయి. ఆ తేదీని ఆంగ్ల తేదీగా మార్చే సాఫ్ట్‌వేర్లన్నీ ఒకే లెక్కతో నడవవు. కొన్ని ఉమ్ముల్ ఖురాను, కొన్ని కేవలం గణిత సూత్రాన్ని అనుసరిస్తాయి. జవాబులో ఒక రోజు తేడా రావచ్చు. ఇఖామా గడువు విషయంలో ఆ ఒక్క రోజూ విలువైనదే. కాబట్టి ఆ తేదీని సౌదీ ప్రభుత్వ లెక్కలోనే చూసుకోవాలి. ఇక్కడ మన పండుగను మాత్రం ఇక్కడి నెలవంక నిర్ణయిస్తుంది. ఒకదాని కోసం ఉన్న లెక్కను రెండవదానికి వాడరాదు.

నమాజు వేళలకు ఆధారం సూర్యుడు. భారత ప్రామాణిక కాలం 1906లో మొదలైంది. దానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం, అది కాకినాడకు దగ్గరగా పోతుంది. లింగాల సుమారు 78.5 డిగ్రీల వద్ద ఉంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, కాకినాడలో సూర్యుడు నడినెత్తికి వచ్చిన పావుగంటకు గానీ లింగాలలో రాడు. గడియారం మాత్రం రెండు చోట్లా ఒకే వేళ చూపుతుంది. విశాఖపట్నం ఇంకా తూర్పున ఉంది. ఆ ఊరి పట్టిక చూసి లింగాలలో ఇఫ్తార్ చేస్తే సూర్యాస్తమయానికి పావుగంటకు పైగా ముందే ఉపవాసం విరిచినట్టవుతుంది. హైదరాబాద్, లింగాల దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి కనుక అక్కడి పట్టికతో తేడా స్వల్పమే. ఫోనులోని నమాజు ప్రోగ్రాములో ఏ ఊరు పెట్టి ఉందో అందుకే చూసుకోవాలి. "భారత కాలం" అని ఉంటే సరిపోదు.

తేదీల పని చిన్నదని ఎవరైనా అనుకుంటే తెలుగువారి చరిత్రే సమాధానం చెబుతుంది. పాత ప్రోగ్రాములు సంవత్సరాన్ని రెండంకెలతో రాసుకోవడంతో 2000 సంవత్సరానికి ముందు ప్రపంచమంతా గాభరా పడింది. ఆ తప్పును సరిదిద్దే పని 1990ల చివర ఎందరో తెలుగు యువకులకు అమెరికా దారి చూపింది. 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాలకు, అంటే మన వేళలో, సెకన్ల లెక్కను 32 బిట్లలో దాచుకునే పాత యంత్రాలకు మరో గండం ఉంది. ఆ తర్వాత వాటి లెక్కలో సంఖ్య పట్టదు.

సాఫ్ట్‌వేర్ రాసే వారిలో మన పిల్లలు కూడా ఉన్నారు. వారు గుర్తుంచుకోవలసింది ఇది: క్షణాన్ని ప్రమాణ కాలంలో దాచాలి, పుట్టిన తేదీని ఉన్నట్టే ఉంచాలి, తెర మీద వేళ పక్కన ఊరి పేరు రాయాలి, హిజ్రీ తేదీ పక్కన అది ఏ లెక్కో చెప్పాలి.

ఇళ్ళలో ఉన్నవారికీ కొంత పని ఉంది. టికెట్టులో బయలుదేరే వేళ బయలుదేరే ఊరిది, చేరే వేళ చేరే ఊరిది. శంషాబాద్ నుంచి 15వ తేదీ 00.30కి విమానమంటే 14వ తేదీ రాత్రే విమానాశ్రయంలో ఉండాలి. 15 రాత్రి వెళ్తే విమానం వెళ్ళిపోయి ఒక రోజు గడిచి ఉంటుంది. పరదేశం నుంచి కబురు వచ్చినప్పుడు, అది పెళ్ళి మాటైనా జనాజా మాటైనా, "ఎన్ని గంటలకు?" అని అడిగాక "ఏ ఊరి వేళ?" అని కూడా అడగాలి.